42 వేలన్న రిపేరు 1,150 రూపాయలతో అయింది: నా ఇంజను లైటు గొడవ

ఈసారి పోస్టు వరి గురించి కాదు, మినుము గురించీ కాదు. కారు గురించి. కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఇప్పుడు మన ఊళ్ళలో వీధికి నాలుగైదు పాత కార్లు ఉంటున్నాయి. వాటిలో చాలా బళ్ళకి స్టీరింగు ముందు పసుపు రంగులో చిన్న ఇంజను బొమ్మ వెలుగుతూనే ఉంటుంది. మొన్న మా ఊరి కుర్రాడి బండి ఎక్కితే ఆ బొమ్మ మీద దేవుడి స్టిక్కరు అంటించి ఉంది. ఇదేంట్రా అంటే, "రాత్రిపూట కళ్ళలో పడుతుంది బాబాయ్" అన్నాడు. వాణ్ణి తిట్టే అర్హత నాకు లేదు. నేనూ ఎనిమిది నెలలు ఆ లైటుతోనే తిరిగాను.

బండి సంగతి చెప్తాను. 2014 మోడల్ పెట్రోలు కారు, మా బావమరిది హైదరాబాదులో కొన్నాడు. తర్వాత విజయవాడ సింగ్‌నగర్‌లో కాపురం పెట్టాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ బండి మూడు రోజులు నీళ్ళలో నిలబడింది. నీళ్ళు లోపల కాళ్ళకింద చాపల దాకా వచ్చాయి గానీ ఇంజనులోకి పోలేదు. కడిగించి, సర్వీసు చేయించి, నాకు తక్కువలో ఇచ్చాడు. నడుస్తుంది, ఏసీ పనిచేస్తుంది, ఇంకేం కావాలి అనుకున్నా. 2025 సంక్రాంతికి పామర్రు నుంచి బెజవాడ పోతుంటే ఉయ్యూరు దాటాక లైటు వెలిగింది.

బండి ఏం మారలేదు. పికప్ అదే, మైలేజీ అదే. అందుకే మొదట పట్టించుకోలేదు. తర్వాత మా దగ్గర మెకానిక్కుకి చూపిస్తే చిన్న మిషను పెట్టి 'రీసెట్' కొట్టాడు. 300. లైటు పోయింది. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. మళ్ళీ 300, మళ్ళీ వచ్చింది. మూడోసారీ అంతే.

ఇది ఎందుకు జరుగుతుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పొగకు సంబంధించిన తప్పు ఒక్కసారి కనపడగానే కారు కంప్యూటరు లైటు వెయ్యదు. లోపల రాసుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో కూడా అదే తప్పు కనపడితే అప్పుడు వేస్తుంది. అందుకని చెరిపేసిన ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగయినట్టే ఉంటుంది. మెకానిక్కు తప్పు కూడా కాదు, వాడి కళ్ళముందు లైటు పోయింది కదా. పైగా చెరిపేస్తే ఆ తప్పు జరిగినప్పుడు బండి ఎంత వేగంలో ఉంది, ఇంజను ఎంత వేడి మీద ఉంది అని కంప్యూటరు దాచుకున్న లెక్కలు కూడా పోతాయి. మనమే 300 ఇచ్చి సాక్ష్యం తుడిపించుకున్నట్టు.

తర్వాత ఆటోనగర్ తీసుకుపోయాను. షాపు పేరు వద్దులెండి. కోడ్ పి 0420 అని వచ్చింది. అంటే క్యాటలిస్టు పని సరిపోవడం లేదని. సైలెన్సరు గొట్టానికి ముందు జల్లెడ లాంటి డబ్బా ఒకటి ఉంటుంది, విషపు పొగను విరిచేది అదే. "అది పోయిందండీ, 42 వేలవుద్ది" అన్నాడు. నా మొహం చూసి ఇంకో దారి చెప్పాడు: "లోపల జల్లెడ పీకేసి ఖాళీ డబ్బా బిగిద్దాం, 3 వేలు ఇవ్వండి, ఎవుడికీ తెలవదు."

ఇక్కడ ఒక మాట. ఆ జల్లెడలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు పూత పూసి ఉంటాయి. పాతదానికి తుక్కు బజారులో మంచి రేటుంది. మీ బండిది నిజంగానే మార్చాల్సి వస్తే పాతది ఇంటికి తెచ్చుకోండి, వదిలేసి రావద్దు. పీకించే పని అయితే అసలొద్దు. మనం గడ్డి తగలబెడతాం కదా, ఈ పొగ ఎంత అంటారేమో. అది కూడా మానాల్సిందే, దానిమీద ఇంకోసారి రాస్తా.

42 వేలు నా దగ్గర లేవు. ఉన్నా అప్పుడు ఎరువులకు పెట్టాలి. తర్వాత ఒకాయన సెన్సారు అన్నాడు. సెన్సారు 4,800, బిగించినందుకు 500. అయిదో రోజు లైటు హాజరు. ఇంకొకాయన "ఇథనాలు పెట్రోలు వల్లే, పాత బళ్ళకి పడట్లేదు" అని ఒక సీసా అమ్మాడు, 650. పెట్రోల్లో 20 శాతం ఇథనాలు 2025 నాటికి దేశమంతా వచ్చేసింది, పాత బళ్ళ రబ్బరు భాగాల మీద భయాలు ఉన్నమాట నిజమే. కానీ ఇథనాలే కారణమైతే కంప్యూటరు పెట్రోలు ఎక్కువ ఎక్కువ పోస్తూ ఉండాలి, ఆ లెక్క స్కానర్లో కనపడుతుంది. నా బండిలో ఆ లెక్క మామూలుగానే ఉంది. ఎవరూ చూడలేదు, సీసా మాత్రం అమ్మారు. మన మొక్కజొన్న కొనేది ఆ ఇథనాలు ఫ్యాక్టరీలే కాబట్టి ఊరికే దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు, అది వేరే సంగతి.

లెక్క చూసుకుంటే 6,850 రూపాయలు పోయాయి, లైటు పోలేదు.

దారి చూపించింది పొల్యూషన్ కాగితం. అంతకుముందు ఒకచోట గొట్టం పెట్టకుండానే బండికి ఫోటో తీసి కాగితం ఇచ్చారు, నేనూ సంతోషంగా తెచ్చుకున్నా. ఈసారి గడువు అయిపోతే ఇంకో చోట నిజంగా గొట్టం పెట్టి, ఇంజను రేజ్ చేసి చూశారు. ఫెయిలు. విచిత్రం ఏంటంటే సీవో, హెచ్‌సీ రెండూ పరిమితి లోపే ఉన్నాయి. లాంబ్డా అనే అంకె మాత్రం 0.97కీ 1.03కీ మధ్య ఉండాల్సింది 1.07 వచ్చింది. అంటే పొగలో గాలి ఎక్కువ ఉంది.

ఆ కాగితం పట్టుకుని ఆటోనగర్‌లో సైలెన్సర్లు వెల్డింగు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన కాగితం చూసి, "ఇంజను బాగానే కాలుస్తుంది బాబూ, మధ్యలో ఎక్కడో గాలి కలుస్తుంది" అన్నాడు. బండి పూర్తిగా చల్లారేదాకా కూర్చోబెట్టాడు. తర్వాత స్టార్ట్ చేయించి, వెనక గొట్టానికి తడి గోనెపట్టా అడ్డం పెట్టి పట్టుకోమని కుర్రాడికి చెప్పి, తను కింద పడుకుని అతుకుల దగ్గర సబ్బు నురగ పూశాడు. ట్యూబు పంక్చరు చూసినట్టే. జల్లెడ డబ్బా దాటగానే ఉన్న అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. గాస్కెట్టు తినేసింది, బోల్టులు తుప్పు పట్టి వదులయ్యాయి, పక్కనే వెంట్రుకంత పగులు. బుడమేరు నీళ్ళ పుణ్యం కొంత, పదేళ్ళ వయసు కొంత.

అసలు సంగతి ఏంటంటే, ఆ డబ్బాకి ముందొక సెన్సారు, వెనకొక సెన్సారు ఉంటాయి. రెండూ పొగలో ఆక్సిజను చూస్తాయి. ముందుది ఎప్పుడూ పైకీ కిందకీ ఊగుతుంది. డబ్బా బాగుంటే వెనకది నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ఊగితే డబ్బా పోయిందని కంప్యూటరు అనుకుంటుంది. పొగ గొట్టంలో ఒకే ఒత్తిడితో పోదు, దబదబ కొట్టుకుంటూ పోతుంది, ఆ మధ్యమధ్యలో పగులు గుండా బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. వెనక సెన్సారు ఆ గాలిని చూసి మోసపోయింది. పెంటపోగు పక్కన మట్టి తీసి పరీక్షకు పంపి, మా చేలో బలం ఎక్కువుందని సంబరపడితే ఎట్లా ఉంటుందో అట్లా.

వెల్డింగు, గాస్కెట్టు, కొత్త బోల్టులు కలిపి 750. "వెతికినందుకు 400 ఇవ్వు" అన్నాడు. మొత్తం 1,150. లైటు చెరపమంటే చెరపనన్నాడు. "తప్పు పోతే అదే పోతుంది, వరసగా మూడు ప్రయాణాలు బాగా జరగనియ్యి."

నేను ఈ పోస్టు రాసింది ఆ 400 గురించి. వెతికినందుకు డబ్బులడిగిన మనిషి ఈ ఎనిమిది నెలల్లో ఆయన ఒక్కడే. మిగతావాళ్ళు దొంగలని నేననను. గంటసేపు బండికింద పడుకుని వెతికి "ఏమీ లేదండీ, బోల్టు వదులైంది" అంటే మనం ఎంతిస్తాం? టీకి డబ్బులిస్తాం. అదే ఒక భాగం తీసి కొత్తది పెడితే అడిగినంత ఇస్తాం. అందుకే వాళ్ళు భాగాలు మారుస్తారు. పురుగుమందుల షాపులోనూ ఇదే కదా. ఆకు తీసుకుపోయి చూపిస్తే సలహాకి డబ్బులివ్వం, అందుకని ఆయన సలహా సీసాలో పోసి అమ్ముతాడు. వరిలో ముదురాకు పసుపైతే నత్రజని, లేతాకు పసుపైతే గంధకం, ముదురాకు మీద తుప్పు మచ్చలొస్తే జింకు. ఇది మనకు తెలుసు. అయినా మూడు మందులు కలిపిచ్చిన సంచీ తెచ్చి కొడతాం. కోడ్ కూడా 'ఆకు పసుపైంది' అన్నంత వరకే చెప్తుంది. ఎందుకు అయిందో మనిషి వంగి చూడాలి.

కాబట్టి నా మాట: మెకానిక్కుని ముందే అడగండి, వెతకడానికి ఎంత అని. ఆ డబ్బు బేరం ఆడకుండా ఇవ్వండి. కోడ్ అంకె బిల్లు మీద రాయించుకోండి. భాగం మార్చాలంటే, అదే పోయిందని ఏ పరీక్షలో తేలిందో చెప్పమనండి. చెప్పలేకపోతే బండి తిప్పుకుని వచ్చెయ్యండి. ఒక్క జాగ్రత్త. లైటు నిలకడగా వెలిగితే నాలుగు రోజులు ఆగొచ్చు. మిణుకు మిణుకుమని కొట్టుకుంటే మాత్రం బండి పక్కకు ఆపెయ్యండి. ఇంజనులో ఒక సిలిండరు సరిగా కాలడం లేదని, కాలని పెట్రోలు పోయి ఆ జల్లెడని మాడ్చేస్తుందని అర్థం. అప్పుడు 42 వేలు నిజంగానే అవుతాయి.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ ఆ లైటు వెలుగుతుంటే పొల్యూషన్ పరీక్ష ఫెయిలేనట. ముందురోజు చెరిపేసి పోయినా కంప్యూటరు తన పరీక్షలు పూర్తి చెయ్యలేదని పట్టేసి వెనక్కి పంపుతారట. ఇక్కడ గొట్టం పెడితేనే గొప్ప. అయినా 15 ఏళ్ళు దాటాక రిజిస్ట్రేషను రెన్యూవలుకి బండి చూపించాలి కదా. నాది 2029లో. అప్పుడు పరీక్షలు ఇప్పట్లా ఉంటాయని నేను అనుకోవడం లేదు.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తయారైన బీఎస్-4 కార్లకి స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. దాంట్లో పెట్టే బ్లూటూత్ స్కానరు వెయ్యి రూపాయల్లోపే దొరుకుతుంది, ఫోనులో చూసుకోవచ్చు. ఊరికి ఒకటి చాలు. స్ప్రేయర్లు ఒకరివి ఒకరం వాడుకోవడం లేదా?

వెల్డింగు అయిన రోజు లైటు వెలుగుతూనే ఇంటికొచ్చా. మర్నాడు గుడివాడ పోయొచ్చా, అప్పుడూ ఉంది. మూడో రోజూ తిరిగా. నాలుగో రోజు పొద్దున పాల కేంద్రం దగ్గర బండి స్టార్ట్ చేస్తే బొమ్మ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. మళ్ళీ రాలేదు, రెండు నెలలైంది.

స్కానరు కొన్నాను, మా ఇంట్లోనే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎవరైనా ఆదివారం పొద్దున బండి తీసుకురండి, కోడ్ చూసి కాగితం మీద రాసిస్తా. చెరపమని మాత్రం అడగొద్దు.