పెరడు లేని వాడకు పెరటితోట నీతులా?



హస్త దాటింది. చిత్తకార్తె వచ్చింది. బతుకమ్మ, దసరా అయిపోంగనే యాసంగి కూరగాయలకు అదును. ఈ అదునుల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలల్ల అధికారులు చెప్పే నీతి ఒక్కటే: "పెరటితోటలు పెంచుకోండి, ఆకుకూరలు తినండి, రక్తం పడుతది." పంతుళ్ళం, మేం గూడ బడిల ఇదే పాఠం చెప్తున్నం.

మంచి మాటే. కానీ అయ్యా, మా వాడల పెరడేది? గోడకు గోడ ఆనుకున్న ఇండ్లు. వాకిట్ల నిలబడితే మోరీ. తులసి చెట్టుకే జాగ లేనికాడ తోటకూర ఎక్కడ అలకాలె?

ఇది మా సోమరితనం కాదు. కులం గీసిన హద్దు. బోర్లు రాకముందు ఈ పల్లెలల్ల మోటబాయిలే దిక్కు. లందల తోలు నానేసి, పదును జేసి, మోట బొక్కెన కుట్టింది మాదిగ. మోట తోలింది, మడికి నీళ్ళు మలిపింది మాల, మాదిగ జీతగాళ్ళు. ఆ నీళ్ళతోటే దొర తోటల వంకాయ కాసింది. అదే బాయిల మనం చెయ్యి పెడితే మైలన్నరు! తోలుకు లేని మైల చేతికి ఎట్లొచ్చింది? 1927 మార్చి 20న మహాడ్‌ల చవుదార్ చెరువు నీళ్ళు దోసిట తాగి బాబాసాహెబ్ అంబేద్కర్ ఎదిరించింది ఈ మైలనే.

భూమి సంగతి గూడ అంతే. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రల వేలమంది నడిచిన్రు. వెట్టి పోవాలె, దొరలు ఆక్రమించిన బంజర్లు పేదలకు రావాలె అన్నరు. అక్టోబరుల సర్కారు జవాబిచ్చింది: సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలని! 2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాల పథకం మొదలుపెట్టిన్రు. 2021ల దళితబంధు ముందుకొచ్చింది, మూడెకరాల ముచ్చట అటకెక్కింది.

ఇయ్యాల మన మగోళ్ళు గల్ఫుల ఉన్నరు, సాంచెల కాడ ఉన్నరు. ఆడోళ్ళు బీడీలు చుడుతున్నరు, ఇంకొకరి తోటల కలుపు తీస్తున్నరు. పొద్దంతా టమాట తెంపిన చెయ్యే, పొద్దూకి అంగట్ల పావుకిలో టమాటకు బేరమాడుతున్నది. ఇంతకన్న దోపిడి ఏముంటది?

అందుకే మేం అంటున్నం: ఈ చిత్త, స్వాతి కార్తెలల్ల వాడకొక్క కూరగాయల తోట మొదలు పెట్టాలె. ఎవరిదన్న అసైన్డు చెల్క పడావు ఉంటే ఇంటికొక గుంట పంచుకొని కలిసి దున్నుదాం. గుంటంటే 121 గజాలు, ఎకరంల నలభయ్యో వంతు. పాలకూర, మెంతికూర నెలరోజులల్ల కోతకొస్తది. టమాట, వంకాయ నారు ఒక మూలకు పోస్తే నెలకు నాటు వేయొచ్చు. కంచె పొంటి చిక్కుడు పెట్టాలె. దేశీ విత్తనం దాచాలె. హైబ్రిడ్ విత్తనం దాచి మళ్ళ వేస్తే అదే పంట రాదు. పొలాసల వ్యవసాయ కాలేజీ, పరిశోధన కేంద్రం ఉన్నయి. అవి మోతుబరులకేనా? పోయి అడుగుదాం.

అసైన్డు భూమి అన్యాక్రాంతమైతే ఊకోవద్దు. 1977 చట్టం ప్రకారం ఆ భూమి అమ్మకం, బదిలీ నిషేధం. మీ ఊరి అసైన్డు భూముల జాబితా సమాచార హక్కు కింద అడగండి. నీళ్ళు ఆపినా, పంట తొక్కించినా అట్రాసిటీ చట్టం ఉన్నది. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీల సాగునీటికి అడ్డం పోవుడు, పంట నాశనం చేసుడు నేరమని అందుల సాఫ్‌గ రాసిన్రు.

"ఆకుకూరలు పెంచితే ఉద్యమం అయితదా?" అని కొందరు మనోళ్ళే నవ్వుతున్నరు. మూడెకరాలు అడుగుడు మానుమని మేం అంటలేం. గుంట దున్నినోడే ఎకరం గట్టిగ అడుగుతడు. పిలగాని పళ్ళెంల కూర ఉంటే తల్లి దొర వాకిట్ల నిలబడది. కూలి రేటు కాడ తల వంచది. దొరలకు ఎరుకైన ఈ సంగతి మనకు ఎరుక కాకపోతే ఎట్ల?

సర్కారును మేం అడిగేది ఒక్కటే. పెరటితోట మీద ఉపన్యాసం చెప్పేముందు పెరడు చూపియ్యి, నీళ్ళు చూపియ్యి. చూపియ్యకుంటే మా భూమి మేమే ఎతుక్కుంటం.

పార పట్టుండ్రి. వాడంతా కదలుండ్రి.

జై భీం!