సముద్రం మీద కూడా బినామీలేనా?

తిరువూరుకు సముద్రం లేదు, సముద్రం గొడవ మనకెందుకు అంటారు కొందరు. సంతలో ఎండుచేపలు కొనేది ఎవరు? మాలపల్లె, మాదిగగూడెం కాదా? కూలి డబ్బుల్లో మన పిల్లలకు దక్కే నాలుగు నీసు ముక్కలు ఆ తీరం నుంచే వస్తాయి. అక్కడ వలలో చేప పడకపోతే ఇక్కడ మన సట్టిలో కూర ఉండదు.

తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా చేపల మీద హక్కు మన దేశానిదే అని 1976 చట్టం చెప్పింది. లైసెన్సు లేని విదేశీ ఓడ అక్కడ వేటాడకూడదని 1981లో ఇంకో చట్టం చేశారు. బాగానే ఉంది. కానీ దొంగచాటుగా వచ్చే ఓడ ఒకటైతే, ఢిల్లీ కాగితం చేతబట్టుకుని దర్జాగా వచ్చే ఓడ ఇంకొకటి. 1991లో కేంద్ర ప్రభుత్వం జాయింట్ వెంచర్ల పేరుతో లోతు సముద్రాన్ని తెరిచింది. పేరు ఇక్కడి కంపెనీది, ఓడ పరాయి దేశానిది. ఈ మోసం మనకు కొత్తా? పట్టా దళితుడి పేరున, సాగు దొర చేతిలో! అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చినా ఎన్ని ఎకరాలు మారలేదు?

పెద్ద ఓడ వల ఈడ్చుకుపోతే పిల్లచేప, గుడ్డుచేప తేడా లేదు. అక్కర్లేనిదాన్ని చంపి నీళ్ళలోనే పారబోస్తుంది. అప్పు తెచ్చి కొన్న జాలరి వల తెగిపోతుంది. డీజిలు పోసుకుని ఇంకా లోపలికి పోవాలి, ఉత్తచేతులతో తిరిగి రావాలి. ఊరూరా తిరిగి చేపలమ్మే ఆడమనిషి గంప అందరికంటే ముందు ఖాళీ అవుతుంది.

మత్స్యకారులు ఊరుకోలేదు. థామస్ కోచేరి నాయకత్వంలో జాతీయ మత్స్యకార్మికుల వేదిక 1994లో దేశమంతా వేట బంద్ చేయించింది. 1995లో మురారి కమిటీ వేశారు. ఆ లైసెన్సులు రద్దు చెయ్యమని 1996లో కమిటీయే చెప్పింది. అయినా 2002లో అనుమతి లేఖల పేరుతో మళ్ళీ దారి తీశారు. మళ్ళీ పోరాడితే 2017లో ఆ పద్ధతి రద్దయింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

2025 నవంబరులో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. విదేశీ ఓడలకు చోటు లేదు, సహకార సంఘాలకే పెద్దపీట అంటున్నారు. సంతోషం. కానీ లోతు సముద్రానికి పోయే ఓడ కొనడానికి తెప్పవాడి దగ్గర డబ్బేది? సంఘం పేరు ముందు పెట్టి వెనకాల షావుకారు కూర్చుంటే? ఆ షావుకారు వెనకాల పరాయి కంపెనీ ఉంటే?

పెద్దోడికి కాగితం, చిన్నోడికి జైలు. గుజరాత్ పడవల మీద కూలికి పోయిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లను గీత దాటారని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. సొంత తీరంలో బతుకు ఉంటే అంత దూరం ఎందుకు పోతారు?

చెరువు పాటల దగ్గర మనకూ చేపలోళ్ళకూ తగాదాలున్నాయి. ఉండనీయండి, కూర్చుని తేల్చుకుందాం. ఊరుమ్మడి నీళ్ళ మీద అందరికీ హక్కుందని 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ చూపించాడు. ఆ మాట సముద్రానికీ వర్తిస్తుంది.

కాబట్టి అడగాల్సింది ఇది: లోతు సముద్రానికి పోయే ప్రతి ఓడకీ అసలు యజమాని ఎవరో, పెట్టుబడి ఎవరిదో తెలుగులో రాసి తీర గ్రామాల గ్రామసభల్లో చదివి వినిపించాలి. చేపలమ్మే ఆడవాళ్ళకు సంఘాల్లో సభ్యత్వం, ఓటు ఉండాలి. బినామీ అని తేలితే అనుమతి రద్దు చెయ్యాలి.

సంఘం మీటింగుల్లో ఈ విషయం చర్చకు పెట్టండి. తీరం వాళ్ళు వచ్చి పిలిచేదాకా ఆగొద్దు.