సూరతు రైలు నిండినంత మాత్రమున గంజాం కోలుకొన్నట్లా?

2020 నాటి మహమ్మారి గడచిపోయినది. అంగళ్ళు తెరచుకొన్నవి. పెండ్లిండ్లు జరుగుచున్నవి. సూరతు పోవు రైళ్ళు మరల క్రిక్కిరిసిపోవుచున్నవి. దీనిని చూపి, మన గంజాం జిల్లా కోలుకొన్నదని కొందరు పెద్దలు సభలలో చెప్పుచున్నారు. ఈ మాటను మేము అంగీకరింపజాలము.

ఆ సంవత్సరము మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు, సూరతు మరమగ్గముల వద్ద పనిచేయుచున్న మన జిల్లా యువకుల గతి యేమైనదో పాఠకులు మరచియుండరు. మే నెలలో శ్రామిక రైళ్ళు వారిని తెచ్చి దింపినవి. పాఠశాలలు వారికి విడుదులైనవి. జూలై నాటికి ఒడిషాలో వ్యాధి అతితీవ్రముగానున్న జిల్లా మనదే అయినది. తెలుగువారు, ఒడియావారు అను భేదము లేక ఎల్లరును కష్టముల పాలైరి. ఆ యువకులను మరల అదే రైలెక్కించి, దానికి కోలుకొనుట యని పేరు పెట్టుట న్యాయమా?

మేము వర్తకులము. అసలునకు, వడ్డీకి గల భేదము మాకు తెలియును. అసలు తినివేయుచు, ఇల్లు గడచుచున్నదని సంతసించువానిని బజారులో నెవ్వరును నమ్మరు. సుస్థిరాభివృద్ధికి 1987లో బ్రంట్లండ్ సంఘము చెప్పిన అర్థము సారాంశమున నిదియే: నేటివారి అవసరములు తీరవలెను, రేపటివారి బ్రదుకుదెరువునకు లోటు రాకూడదు. మన జిల్లాకు అసలు ఏది? చెరువులు, సముద్రతీరము, మొగలిపొదలు, నేతగాని చేతిపని, పడుచువారి కండబలము. వీనిని కాపాడనిది అభివృద్ధి కాదు, దివాలా.

ఇది గొంతెమ్మ కోరిక యనువారికి మన జిల్లా చరిత్రయే ప్రత్యుత్తరము. 1866 నాటి ఘోరక్షామము మనలను గూడ పీడించినది. అట్టి కరవులనుండి రక్షణకై ఋషికుల్య నీటిపథకము తలపెట్టబడి, 19వ శతాబ్ది చివరి దశాబ్దములలో సొరడ, భంజనగర్ జలాశయములు వెలసినవి. ఆ నీరు నేటికిని పొలములకు పారుచున్నది. పరాయి దొరతనము సైతము నిలిచియుండు పని యొకటి చేసిపోయినది. మహమ్మారి పేర మనవారు చేసిన వ్యయములో నూరేండ్లు నిలుచునది ఏది?

బరంపురము పట్టును చూడుడు. తెలుగు దేరా నేతగాండ్రు తరతరములుగా నేయుచున్న ఫొడాకుంభ అంచు చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని గుర్తింపు పత్రము కడుపు నింపదు. గిట్టుబాటు కూలి లేక నేతగాని కుమారుడు ఇచ్చట మగ్గము విడుచుచుండగా, మన జిల్లా పడుచువాడు దూరరాష్ట్రపు మరమగ్గమునకు చాకిరి చేయుట ఎంత విపరీతము! ఛత్రపురము ప్రాంతపు మొగలిపొద మట్టిని పట్టియుంచును, పువ్వు బట్టీకి పోయి రూకలు తెచ్చును. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానును చూచినవారికి తీరమున చెట్టు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్ద కర్మాగారము వచ్చినగాని పని దొరకదని కొందరందురు. రానిండు, మేము వలదనము. కాని చెరువు పూడ్చి కట్టిన కర్మాగారము పది మందికి కూలి యిచ్చి, నూరు మంది సేద్యమును మింగును.

మా కోరికలు మూడు. నేతగానికి పట్టునూలు సరసమైన ధరకు అందవలెను. చెరువుల పూడికతీత, తీరమున మొగలి నాటుట ఏటేట కూలిపనులుగా సాగవలెను. వలసపోవు ప్రతివాని పేరును పంచాయతీలో నమోదు కావలెను.

ప్రభుత్వమును అడుగుటతో మన బాధ్యత తీరదు. మన వర్తకులు చీర అందిన దినముననే కూలి చెల్లింపవలెను. మన యిండ్ల పెండ్లిండ్లకు బరంపురము పట్టే కొనవలెను.

ఈ కోరికలను తెలుగున, ఒడియాలోను వ్రాసి, వచ్చు సర్వసభ్య సమావేశమున తీర్మానముగా నుంచుచున్నాము. తదుపరి విపత్తు ముందుగా కబురంపి రాదు. సభ్యులెల్లరును తప్పక విచ్చేయవలెను.