ముందు తడి వేరు చేయండి

మొన్న ఒక సభలో ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని తేల్చేశాడు: చెత్త వేరు చేయమని జనం వెంటపడడం ఇక అనవసరమట, కంప్యూటర్ మోడళ్లు వచ్చాయి కాబట్టి చెత్త కాల్చే ఫర్నేసే అన్నీ సర్దుకుంటుందట. చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

ఆ మోడల్ ఏం చేస్తుంది? ఫర్నేసులోని గ్రేటు మీద చెత్త ఎక్కడ ఆరుతుంది, ఎక్కడ అంటుకుంటుంది, కింది నుంచి గాలి ఎంత పంపాలి, పైనుంచి ఎంత ఊదాలి అని లెక్క కడుతుంది. మంచి విద్యే. కానీ లోపలికి వెళ్లే చెత్తలో తేమ ఎంతో దానికి ముందు మనం చెప్పాలి. మన చెత్త ఆటోలో ఉండేవి కూరగాయల తొక్కలు, కొబ్బరి బోండాలు, పాసిపోయిన సాంబారు. వాన పడితే సగం నీళ్లే. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 540 కిలోకేలరీలు కావాలి. టన్ను చెత్తలో సగం నీరైతే 2,70,000 కిలోకేలరీలు దానికే పోతాయి. ఏ సాఫ్ట్‌వేరూ వీటిలో ఒక్కటి తగ్గించలేదు. తడి కట్టెలతో పొయ్యి రాజేసిన మన అమ్మలకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?

ఢిల్లీ తిమార్‌పూర్‌ను అప్పుడే మరిచిపోయారా? 1987లో డెన్మార్క్ పరిజ్ఞానంతో, రోజుకు 300 టన్నులు కాల్చేలా అక్కడ ప్లాంటు కట్టారు. వచ్చిన చెత్తకు మండే సత్తువ చాలక కొద్ది వారాలకే మూతపడింది. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో, రీసైకిల్‌కు పనికిరాకుండా కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపైన ఉన్న చెత్తను పూడ్చకుండా ఇంధనానికే వాడాలని రాశారు. వేరు చేయకుండా ఆ చెత్త ఎక్కడ దొరుకుతుంది?

మా వీధిలో తడి, పొడి రెండు బుట్టల్లో ఇస్తాం. ఆటోలో రెండూ ఒకేచోట పోస్తారు. పోసే కార్మికుణ్ని ఏమంటాం, ఆటోలో రెండో అర లేదు! ఇక పొగ. తడి చెత్తతో మంట 850 డిగ్రీల కింద పడితే సగం కాలిన వాయువులు పెరుగుతాయి, డయాక్సిన్లనే విషాల భయమూ పెరుగుతుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టూ బతికేవాళ్లు ఏళ్లుగా కంపు పీలుస్తున్నారు. మరో మోడల్ వస్తోంది, ఓపిక పట్టండని వాళ్లకు చెప్పడం అన్యాయం.

తడిని వార్డులోనే ఎరువుకో, గ్యాసుకో పంపండి. ఆ ఎరువు ఎవరు కొంటారన్నది వేరే గొడవ, అదీ తేల్చుకుందాం. రీసైకిల్ కాని పొడి చెత్త మిగిలాక కాల్చండి, మోడళ్లూ అప్పుడే తెచ్చుకోండి. ముందైతే చెత్త ఆటోలకు రెండో అర పెట్టించండి.