సగం ధర రంగుల పెట్టె



పోయిన నెల మా చెల్లెలి కూతురి పెండ్లి. శనివారం పెండ్లనగా, పట్నంలో నర్సుగా పనిచేస్తున్న మా చిన్నమ్మాయి బుధవారం సాయంత్రమే వచ్చింది. సంచిలోంచి పలకంత పెట్టె ఒకటి తీసి నా ముందుంచింది. మూత తెరిస్తే పన్నెండు గూళ్లు, పన్నెండు రంగులు. కనురెప్పల మీద పూసుకునేవట, ఐషాడో అంటారట. దాంతోపాటు వేలెడంత గొట్టం. దాని పేరు ప్రైమరు. "పెట్టె ఆరు వందలమ్మా, మూడు వందలకే ఇచ్చారు. గొట్టం నాలుగు వందల యాభైది నూటయాభైకే వచ్చింది" అని మురిసిపోయింది.

నా నోరు ఊరుకుంటుందా? "యెజెబెలు కూడా కళ్లకు రంగు పూసుకునే కిటికీలో నిలబడింది" అన్నాను. అది ఆదివారపు బడిలో పెరిగిన పిల్ల. "మరి యోబు మూడో కూతురి పేరేమిటమ్మా?" అంది. కెరెంహప్పుకు. హెబ్రీలో ఆ పేరుకు కంటికి పెట్టుకునే రంగు దాచుకొనే కొమ్ము అని అర్థం. యెజెబెలు పూసుకున్నదానికీ ఈ పేరులో ఉన్నదానికీ హెబ్రీలో మాట ఒకటే. శ్రమలన్నీ తీరాక పుట్టిన బిడ్డకు ఆ తండ్రి పెట్టుకున్న పేరది. ఇన్నేళ్లుగా స్త్రీల సమాజంలో యెజెబెలును తిడుతూనే ఉన్నాను గాని, ఈ పేరు అర్థం ఏనాడూ అడగలేదు.

అసలు సంగతి ఏమిటంటే, మా చెల్లెలు భర్తను పోగొట్టుకున్న మనిషి. పెండ్లికూతుర్ని అలంకరించడానికి పార్లరు ఆమె ఆరు వేలు అడిగింది. "నేను చేస్తాలే పిన్నీ" అని మా అమ్మాయి మాట ఇచ్చేసింది. ఆ మాట కోసం కొన్న సరుకిది. "ముందు నా మీద చూడు, పిల్ల మీద వద్దు" అన్నాను. నా ముడతల రెప్పల మీద నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుంది కదా!

గురువారం పొద్దున ఎడమ రెప్పకు ప్రైమరు రాసి పైన రంగు అద్దింది. కుడి రెప్పకు ఉత్త రంగే. ప్రైమరులో ఎక్కువగా ఉండేది సిలికోను నూనె జాతి పదార్థం. అది సన్నని ముడతలను పూడ్చి, చర్మపు జిడ్డు రంగులోకి ఊరకుండా అడ్డుకుంటుంది. రంగుపొడి టాల్కు, అభ్రకం, ఇనుప ఆక్సైడులు కలిసినది. తళుకంతా అభ్రకానిదే. ఆ మెరుపు వేలికి అంటగానే నాకు మా అమ్మమ్మ చేతులు గుర్తొచ్చాయి. గూడూరు గనుల దగ్గర అభ్రకం రేకులు చీల్చే పనిచేసింది ఆమె. సాయంత్రం చేతులు ఎంత కడిగినా మెరుస్తూనే ఉండేవి. ఆ మెరుపును మేమెవరం అందమనుకోలేదు.

ఆ కళ్లతోనే పెరట్లో మిరపకాయలు ఎండబోసి, వంట చేశాను. మా ఆయన చూసి నవ్వి ఊరుకున్నారు. మధ్యాహ్నానికి కుడికంటి రంగు ముడతల్లో గీతలు గీతలుగా పేరుకుంది. ఎడమకంటిది చెక్కు చెదరలేదు. గొట్టం పనితనానికి వంక పెట్టలేను.

అయితే దీపాల వేళకు ఎడమ రెప్ప దురద పుట్టింది, ఎర్రబడింది. అమ్మాయి మొహం మారిపోయింది. గొట్టం తీసి, తగ్గింపు ధర అంటించిన చీటీని గోటితో గీకింది. దాని కింద గడువు తేదీ ఉంది, అప్పటికి నాలుగు నెలలు దాటింది. దురద అందువల్లేనని నేను ఒట్టు పెట్టను గాని, అలాంటిది పెండ్లికూతురి కంటికి పూస్తామా? 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం డబ్బా మీద గడువు తేదీ, తయారుచేసినవారి చిరునామా ఉండి తీరాలి. సగం ధర అనగానే ముందు ఆ తేదీ వెదకండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12 అంకె, పక్కన ఎం అక్షరం ఉంటే, తెరిచిన నాటినుండి పన్నెండు నెలలు వాడవచ్చునని. పెట్టెకు ఇంకా ఏడాదిన్నర గడువుంది. గొట్టం చెత్తలో పడింది.

పెండ్లినాడు ప్రైమరు లేకుండానే కానిచ్చింది. రెప్ప తుడిచి, బాగా ఆరనిచ్చి, ముఖానికి వేసే పౌడరు పలుచగా అద్ది, దాని మీద లేత రంగు కొంచెం. ఎండ ముదరకముందే పెండ్లి కావడం మేలైంది. ఇక ఆడపిల్లలు వరుస కట్టారు. మనిషి మారినప్పుడల్లా అమ్మాయి కొత్త దూది పుల్ల తీసింది. వాళ్లలో పదకొండేళ్ల పిల్లకు కండ్లకలక. "నీకు వద్దమ్మా" అంటే ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వాళ్లమ్మకు కోపం వచ్చి, "మేం బీదవాళ్లమనా?" అని మా చెల్లెలి ముందే అనేసింది. మా అమ్మాయి మారు పలకలేదు. ఆ పిల్లను పక్కకు తీసుకుపోయి జడ విప్పి, నాలుగు పాయలతో కొత్తగా అల్లి కనకాంబరాలు పెట్టింది. చేతులు సబ్బుతో కడుక్కొని వచ్చి మళ్లీ కూర్చుంది. వాళ్లమ్మ మాత్రం భోజనాల దాకా మాతో మాట్లాడలేదు.

రాత్రి పడుకోబోయే ముందు పెండ్లికూతురి రెప్పలకు కొబ్బరినూనె దూది అద్ది, రంగంతా తుడిచింది. మర్నాడు పెట్టె మూత లోపల తెరిచిన తేదీ బాల్‌పెన్నుతో రాసుకొని బస్సెక్కింది. కొట్టువాడిని అడిగితే తగ్గింపు సరుకు వాపసు లేదన్నాడట. చీటీ తేదీ మీద ఎందుకు అంటించావయ్యా అంటే మాత్రం జవాబు లేదట.