కార్డు ఇంటిది, బీమారీ మనిషిది

చిత్తూరులో మా ఖాలా కోడలికి నిఖా అయి రెండేళ్లు. పుట్టింటి బియ్యం కార్డులో పేరు తీసేశారు, అత్తింటి కార్డులో ఎక్కించలేదు. తిరుపతిలో ఆపరేషన్‌కి పోతే ‘ఈమె పేరు లేదమ్మా’ అన్నారు. జేవర్ తాకట్టుకు పోయింది.

లెక్కల్లో మాత్రం ఆ ఇల్లు బీమా ఉన్న ఇల్లే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఇంట్లో ఒక్కరికి ఏదో ఒక ఆరోగ్య పథకం ఉన్నా ఆ ఇంటిని కలిపేస్తుంది. అలా దేశంలో 2015–16లో 29 శాతం ఇళ్లుంటే, 2019–21కి 41 శాతమయ్యాయి. మన ఆంధ్ర పైవరుసలోనే ఉంది. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది కదా. సర్కార్లు మారినప్పుడల్లా పేరు మారి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. (పేరు మీద ఉన్న ఫికర్ ఆసుపత్రుల బకాయిల మీద ఉంటే బాగుండు.) అదే సర్వే 15–49 ఏళ్ల ఆడవాళ్లను విడిగా లెక్కిస్తే, దేశంలో బీమా ఉన్నది 30 శాతానికే. మా ఖాలా కోడలు ఆ తేడాలో ఉంది.

ఈ మాట ఎత్తగానే ఇన్సూరెన్స్ జాయెజా, నాజాయెజా అని బహస్ పెడతారు కొందరు. ఆ మస్లా ఉలమాకు వదలండి. ఇక్కడ మనం కట్టే ప్రీమియం లేదు. సర్కారు ఖజానా నుంచి రావలసిన హఖ్ ఇది.

నిఖా నమోదైతే పేరు దానంతటదే కొత్త కార్డులోకి పోవాలి, ఆ ఏర్పాటు సర్కారే చెయ్యాలి. కానీ వలీమాకు లక్షలు పెట్టే మనకు సచివాలయానికి పోను ఒక పూట దొరకదా? ఆధార్‌లో ‘షేక్’ పేరుకు ముందుంటుంది, కార్డులో వెనకుంటుంది, అదీ సరిచేయించుకోవాలి. ఈ జుమా తర్వాత కార్డు తీసి చూడండి, బహూల పేర్లు ముందు.