సర్దుకుపోతారులే అంటే సరిపోదు: ఇన్యూట్‌ల నుంచి మనం నేర్చుకోవాల్సింది



వాతావరణ మార్పు గురించి ఎక్కడ మాట్లాడినా ఆదివాసుల మీద ఒక మాట తప్పకుండా వస్తుంది. "వాళ్ళు ప్రకృతితో కలిసి బతికేవాళ్ళు, ఎలాగోలా సర్దుకుపోతారులే" అని. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. నాకు మాత్రం అందులో చేతులు దులుపుకోవడమే కనిపిస్తుంది. ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌ల సంగతి చూస్తే నేనెందుకు ఇలా అంటున్నానో తెలుస్తుంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఇన్యూట్‌లు అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, రష్యాలోని చుకోట్కాల్లో ఉంటారు. అంతా కలిపి సుమారు 1,80,000 మంది. 1979 నుంచి చూస్తే, భూమి సగటు కంటే ఆర్కిటిక్ దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మంచు కరగడం అంటే మనకు టీవీలో కనిపించే తెల్ల ఎలుగుబంటి. వాళ్ళకు సముద్రం మీద గడ్డకట్టిన మంచే రోడ్డు. సీల్ వేటకైనా, చేపలకైనా, పక్క ఊళ్ళో చుట్టాల ఇంటికైనా దాని మీదనే పోవాలి. ఆ మంచు ఇప్పుడు ఆలస్యంగా గట్టిపడుతోంది, ముందే విరిగిపోతోంది. పైకి గట్టిగానే కనబడుతుంది, అడుగున నీటి ప్రవాహం కోసేసి ఉంటుంది. స్నోమొబైల్‌తో సహా నీళ్ళలో పడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. పోనీ కొనుక్కుని తిందామంటే సరుకులు విమానంలో రావాలి, లేదా వేసవిలో ఓడలో రావాలి. ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

మరి వేల ఏళ్ళు ఆ చలిలో బతికినవాళ్ళకు ఇప్పుడే ఎందుకింత కష్టం వచ్చింది? వేడి ఒక్కటే కారణం కాదు. పూర్వం వాళ్ళు కదిలేవాళ్ళు. జంతువు ఎటు పోతే అటు, మంచు ఎక్కడ బాగుంటే అక్కడ. 20వ శతాబ్దం మధ్యలో కెనడా ప్రభుత్వం వాళ్ళను ఒకచోట కుదురుగా ఉండే ఊళ్ళలోకి చేర్చింది. పిల్లల్ని దూరంగా హాస్టళ్ళలో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన బడులు నడిచాయి. బండ్లు లాగే కుక్కల్ని పోలీసులు చంపారు. ఆ కుక్కలు పలచని మంచును పసిగట్టి ఆగిపోయేవి, స్నోమొబైల్‌కు ఆ తెలివి లేదు. 1953లో ఇనుక్జువాక్ దగ్గరి కుటుంబాలను సుమారు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తీసుకెళ్ళి దింపారు. రెండేళ్ళలో వెనక్కి రావచ్చన్న మాట నిలబెట్టుకోలేదు. ఈ తరలింపుకు 2010లో, కుక్కల విషయానికి 2019లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అంటే మంచు పలచబడే లోపలే, సర్దుకునే దారులన్నీ మూసేశారు. మూసినవాళ్ళే ఇప్పుడు "మీరు గట్టివాళ్ళు" అని పొగిడితే ఏం లాభం?

అయినా ఇన్యూట్‌లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లాబ్రడార్ తీరంలో నైన్ అనే ఊరు ఉంది. 2009-10 చలికాలంలో అక్కడ మంచు సరిగా గట్టిపడలేదు. ఆ అనుభవం నుంచే, మెమోరియల్ యూనివర్సిటీతో కలిసి, స్మార్ట్‌ఐస్ అనే పని మొదలైంది. స్నోమొబైల్ వెనక లాగే చెక్క బండి మీద ఒక సెన్సార్ పెడతారు, అది పోతూ పోతూ మంచు మందం కొలుస్తుంది. ఇందులో నాకు సెన్సార్ కంటే మిగతాదే నచ్చింది. ఏ దారిలో కొలవాలో ఊరివాళ్ళే నిర్ణయిస్తారు. కొలిచేది ఊరి మనుషులే. కొన్ని పరికరాలను నైన్‌లోనే ఇన్యూట్ యువత తయారుచేస్తోంది.

ఇంకొకటి సికు అనే యాప్. వాళ్ళ భాషలో సికు అంటే సముద్రపు మంచు. ఈ యాప్ 2019 చివర్లో వచ్చింది. వేటకు వెళ్ళినవాళ్ళు ఎక్కడ మంచు ప్రమాదంగా ఉందో, ఏ జంతువు కనబడిందో ఫొటోతో పెడతారు. మంచు రకాలకు తమ భాషలోని పేర్లే వాడతారు. పెట్టిన సమాచారం మీద హక్కు పెట్టినవాళ్ళదే. ఎవరో పరిశోధకుడు వచ్చి రాసుకుపోయి పేరు తెచ్చుకోవడం కుదరదు.

ఇంత ఉన్నా, ముసలివాళ్ళు నేర్పిన పద్ధతిని వదల్లేదు. ఉనాక్ అనే పొడవాటి ఈటె కర్రతో మంచును పొడిచి చూసి అడుగేస్తారు. జీపీఎస్ దగ్గరి దారి చూపిస్తుంది గానీ, ఆ దారిలో మంచు మోస్తుందో లేదో చెప్పదు. అది చెప్పాలంటే గాలి, ప్రవాహం, మంచు రంగు తెలిసిన మనిషి కావాలి.

ఇక హక్కుల సంగతి. 2005లో షీలా వాట్-క్లూటియే అనే ఇన్యూట్ నాయకురాలు మరో 62 మందితో కలిసి అమెరికా మీద అంతర్-అమెరికా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మీరు వదిలే పొగ మా బతుకును కరిగిస్తోంది, ఇది మానవ హక్కుల ఉల్లంఘన అని. కమిషన్ దాన్ని విచారణకు తీసుకోలేదు. కానీ మంచు కరగడాన్ని మనుషుల హక్కుగా చూడాలనే మాట అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

క్లైడ్ రివర్ వెయ్యి మంది ఉండే ఊరు. చమురు వెతకడానికి సముద్రంలో పెద్ద శబ్దాలతో సర్వేకు కంపెనీలకు అనుమతి ఇచ్చారు. జంతువులకు ఏమవుతుందని ఊరివాళ్ళు అడిగితే, జవాబుగా 3,926 పేజీల కాగితాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. అక్కడి నెట్ వేగానికి అవి తెరుచుకోవు. వాళ్ళ భాషలోకి మార్చింది చాలా కొంచెం. ఊరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. దీన్ని సంప్రదింపు అనరని 2017 జూలైలో కోర్టు అనుమతిని కొట్టేసింది.

ఇది చదువుతుంటే మన గ్రామసభలు గుర్తుకు రావట్లేదా? పీసా చట్టం 1996 నుంచి ఉంది, అటవీ హక్కుల చట్టం 2006 నుంచి ఉంది. మరి సభ ముందు పెట్టే కాగితం గోండిలోనో, కోయలోనో, కువిలోనో, సవరలోనో ఎవరైనా చదివి వినిపిస్తున్నారా? చదువుకున్న మనం అక్కడ కూర్చుని అడుగుతున్నామా?

"వాళ్ళకు కెనడా డబ్బుంది, మనకేముంది" అని కొందరు అనొచ్చు. నిజమే, డబ్బు తేడా ఉంది. కానీ ముసలివాళ్ళ దగ్గర కూర్చోవడానికి, గ్రామసభలో లేచి అడగడానికి కెనడా డబ్బు అక్కర్లేదు. హాస్టల్ చదువు కావాల్సిందే, దాన్ని వద్దనడం లేదు. సెలవుల్లో అయినా అడవి చదువు నేర్చుకోకపోతే రేపు వాన తప్పినప్పుడు ఏ గడ్డ తవ్వుకోవాలో, ఏ విత్తనం నిలబడుతుందో చెప్పేవాళ్ళు ఉండరు.

అందుకే ఒక పని చేద్దాం. ఈ సెలవులకు ఊరెళ్ళినప్పుడు వానకు, గాలికి, మబ్బుకు మీ భాషలో ఎన్ని పేర్లున్నాయో పెద్దవాళ్ళను అడిగి రాయండి. ఏ గుర్తు చూసి వాన చెప్పేవాళ్ళో, ఆ గుర్తు ఇప్పుడు పనిచేస్తోందో లేదో కూడా రాయండి. చెప్పినవాళ్ళు ఒప్పుకుంటేనే గ్రూపులో పెట్టండి. మన దగ్గరున్నది ఏమిటో ముందు మనకు తెలియాలి.